కారులో సబ్‌వూఫర్ మీరే బిగించుకోండి – 4వ భాగం: బ్యాటరీ నుంచి యాంప్ దాకా

ముందు గత భాగంలో ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం. యాంప్‌కి (సబ్‌వూఫర్‌కి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్‌కి) తగిలించే సబ్‌ల నిరోధం 2 ఓమ్‌ల కంటే కిందికి దిగకూడదు. మన దగ్గర రెండు సబ్‌లున్నాయి. ఒక్కో సబ్‌కి రెండు కాయిల్స్, ఒక్కో కాయిల్ 4 ఓమ్‌లు. వీటిని 2 ఓమ్‌లకు ఎలా తేవాలి అని అడిగాను.

తేలేం. అదే జవాబు. నాలుగు కాయిల్స్‌నీ ప్యారలల్‌లో (ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట) కలిపితే 1 ఓమ్ వస్తుంది. ఒక్కో సబ్ కాయిల్స్‌ని సిరీస్ చేసి (ఒకదాని వెనక ఒకటి కలిపి), ఆ రెండు సబ్‌లనీ ప్యారలల్ చేస్తే 4. ముందు ప్యారలల్, తర్వాత సిరీస్ చేసినా మళ్లీ 4 దగ్గరికే వస్తాం. అన్నీ సిరీస్ అయితే 16. అన్ని కాయిల్స్‌కీ సమానంగా పవర్ అందాలంటే మధ్యలో 2 అన్నది లేదు. 2 ఓమ్‌లే కావాలంటే, కొనేటప్పుడే ఒక్కో కాయిల్ 2 ఓమ్‌లున్న సబ్‌ల జత తీసుకోవాలి. అవి సిరీస్, ప్యారలల్ కలయికలో సరిగ్గా 2 ఓమ్‌లకు వస్తాయి. ఉన్నవాటితోనే నడపాలంటే 4 ఓమ్‌లకు కలిపి, యాంప్ అక్కడ ఎంత పవర్ ఇస్తే అంతతో సరిపెట్టుకోవాలి.

"1 ఓమ్‌కి పెట్టినా మోగుతా ఉంది కదన్నా" అని మన కుర్రాళ్లు చాలామంది అంటారు. మోగుతుంది. కానీ యాంప్ మీద కరెంటు రెట్టింపవుతుంది. నెల్లూరు రోహిణీ కార్తె ఎండలో, మూసిన డిక్కీలో, గాలాడని చోట ఆ వేడి ఎక్కడికి పోతుంది? మొదట యాంప్ మీద ప్రమాదం చెప్పే ప్రొటెక్ట్ లైటు వెలుగుతుంది, తర్వాత లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి.

ఇక ఈ భాగం పాఠం. చాలామంది ముందు వైరు కిట్ కొని, తర్వాత యాంప్ చూసుకుంటారు. లెక్క అటు నుంచి మొదలుపెట్టకూడదు. సబ్ ఓమ్‌లు యాంప్‌ని నిర్ణయిస్తాయి. యాంప్ లాక్కునే కరెంటు వైరుని, వైరు మందం ఫ్యూజుని నిర్ణయిస్తాయి. ఈ వరస తప్పితే ఎక్కడో ఒకచోట వేడెక్కుతుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. కావలిలో ఒకతను తన స్విఫ్ట్‌లో పన్నెండు అంగుళాల సబ్ ఒకటి పెట్టుకోవాలనుకుంటున్నాడు. సబ్ 400 వాట్లు ఆర్‌ఎంఎస్ (నిలకడగా తట్టుకునే పవర్), రెండు 4 ఓమ్‌ల కాయిల్స్. ప్యారలల్ చేస్తే 2 ఓమ్‌లు. 2 ఓమ్‌ల దగ్గర 400 వాట్లు ఆర్‌ఎంఎస్ ఇచ్చే క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) మోనో, అంటే ఒకే ఛానెల్ యాంప్ దీనికి సరైన జోడీ.

యాంప్ అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే అంకెని నమ్మొద్దు. యాంప్ పక్కన ఉన్న ఫ్యూజులు చూడండి. పెట్టె మీద 1500 వాట్లు అని ఉండి, యాంప్‌కి ఒకే ఒక్క 30 ఆంపియర్ల ఫ్యూజు ఉందనుకోండి. 30ని 13 వోల్టులతో గుణిస్తే లోపలికి వెళ్లేది 390 వాట్లు. క్లాస్ డి యాంప్ అందులో సుమారు ముప్పావు వంతు బయటికిస్తుంది, అంటే దాదాపు 290. నిలకడగా వచ్చే పవర్ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పాత పద్ధతి క్లాస్ ఏబీ యాంప్ అయితే సగం, మహా అయితే ఇంకాస్త ఎక్కువ.

ఇప్పుడు కావలి కారు లెక్క. 400ని 0.75తో భాగిస్తే 533 వాట్లు. దాన్ని 13తో భాగిస్తే 41 ఆంపియర్లు. ఫుల్ సౌండ్‌లో బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వైరులో పారేది ఇంత. చిన్న కార్ల ఆల్టర్నేటర్ మొత్తం ఇచ్చేదే సుమారు 65 నుంచి 90 ఆంపియర్లు. అందులో ఏసీ, హెడ్‌లైట్లు, ఇంజిన్ అవసరాలు పోగా మిగిలినదే మన పాటకి.

వైరు లావుని గేజ్‌లో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వైరు లావు. 5 మీటర్ల రాగి వైరు, 8 గేజ్ అయితే మందం సుమారు 8.4 చదరపు మిల్లీమీటర్లు. 41 ఆంపియర్లకి అందులో 0.4 వోల్టు దాకా పోతుంది. 4 గేజ్ అయితే 21 చదరపు మిల్లీమీటర్లు, నష్టం 0.17 వోల్టు. 8 గేజ్ అంచు మీద నడుస్తుంది. బానెట్ కింద వేడికి, మన ఎండలకి ఆ అంచు కూడా మిగలదు. 4 గేజ్ తీసుకోండి.

అది కూడా నిజమైన రాగి అయి ఉండాలి. మార్కెట్‌లో చవగ్గా దొరికే కిట్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత వేసినవే. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియమే. అదే మందానికి కరెంటు మోసే శక్తి రాగిలో మూడింట రెండొంతుల దగ్గరే ఉంటుంది. అదే కొనక తప్పకపోతే రెండు సైజులు లావుది తీసుకోండి.

ఇప్పుడు ఫ్యూజు. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి: బ్యాటరీ దగ్గరుండే ఫ్యూజు వైరుని కాపాడటానికి, యాంప్‌ని కాదు. యాంప్‌కి దాని ఫ్యూజు దానికుంది. మరి బ్యాటరీ నుంచి డిక్కీ దాకా ఉన్న 5 మీటర్లకి దిక్కెవరు? చీమకుర్తి క్వారీ రోడ్ల మీద రోజూ తిరిగే బండి ఊహించుకోండి. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు ఉంటుంది. ఆ రేకు రంధ్రంలోంచి వైరు లోపలికి వచ్చింది. కుదుపుకి కుదుపుకి రేకు అంచు వైరు తొడుగుని కోస్తుంటుంది. ఒకరోజు రాగి రేకుకి తగులుతుంది. కారు బ్యాటరీ ఆ క్షణంలో వందల ఆంపియర్లు వదలగలదు. మధ్యలో ఫ్యూజు లేకపోతే ఆ వైరు ఎర్రగా కాలి, పక్కనున్న ప్లాస్టిక్‌నీ కార్పెట్‌నీ అంటిస్తుంది. లోపల పిల్లలుండొచ్చు. అందుకే ఇందులో రాజీ వద్దు.

ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మన ఉదాహరణకి 50 ఆంపియర్లది సరిపోతుంది. ఫ్యూజు పదే పదే కొట్టేస్తుంటే 100ది వేసి ఊరుకోకండి, సన్నటి వైరు ఉంటే అసలే వద్దు. ఎందుకు కొడుతోందో వెతకండి. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టిచ్చే మెకానిక్ దగ్గర్నుంచి బండి తెచ్చేసుకోండి. రేకు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (అంచు వైరుని కోయకుండా తొడిగే రింగు) తప్పనిసరి. బానెట్ కింద వైరు మీద ఫ్లెక్సిబుల్ పైపు తొడగండి. సీటు పట్టాల కిందుగా వైరు పోనివ్వొద్దు. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోవద్దు, అవి ఎయిర్‌బ్యాగువి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి, అన్నీ అయ్యాక చివర్లో పెట్టండి.

ఎర్త్, అంటే యాంప్ నెగటివ్‌ని కారు బాడీకి కలపడం. ఈ విషయంలో మన జిల్లాలవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలి. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఎర్త్ బోల్టు కింద తుప్పు పడితే బేస్ వచ్చినప్పుడల్లా యాంప్ ఆగిపోతుంటుంది. జనం యాంప్ పాడైందనుకుని రిపేరుకి పట్టుకెళ్తారు.

యాంప్‌కి 45 సెంటీమీటర్ల లోపు, బాడీకి వెల్డయి ఉన్న గట్టి ఇనుము చూసుకోండి. సీటు బెల్టు బోల్టు వాడొద్దు. రంధ్రం వేయాల్సి వస్తే ముందు బండి కింద పడుకుని చూడండి, అక్కడ పెట్రోలు ట్యాంకు ఉండొచ్చు. సీఎన్‌జీ బండి అయితే పైపులు ఎటు పోతున్నాయో కూడా చూడాలి. రూపాయి బిళ్లంత మేర పెయింటు పూర్తిగా పోయి ఇనుము మెరిసేదాకా ఎమెరీ పేపరుతో రుద్దండి. వైరు చివర లగ్ (బోల్టు దూరే రింగు) క్రింప్ చేసి, అంటే గట్టిగా నొక్కి బిగించి, పళ్లున్న వాషరు వేసి, బోల్టు బిగించండి. ఆ తర్వాత పైన గ్రీజు గానీ పెయింటు గానీ పూయండి, గాలి తగలకుండా. ముందే పూస్తే కరెంటుకే అడ్డు. ఎర్త్ వైరు కూడా పాజిటివ్ వైరంత మందం ఉండాలి.

మిగతా రెండూ తేలిక. స్టీరియో నుంచి యాంప్‌కి పాట తెచ్చే ఆర్‌సీఏ తీగల్ని పవర్ వైరుకి అవతలి పక్క నుంచి తీసుకురండి, లేకపోతే ఇంజిన్ రేజ్ చేసినప్పుడల్లా పాటలో కీచుమంటుంది. స్టీరియోతో పాటే యాంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరుని స్టీరియో వెనక నీలం-తెలుపు తీగకి కలపండి.

చివరి పరీక్ష. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బేస్ బాగా ఉన్న పాట గట్టిగా పెట్టండి. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక తీగ యాంప్ ఎర్త్ టెర్మినల్‌కి, ఇంకోటి పొడవాటి వైరు కలిపి బ్యాటరీ నెగటివ్‌కి తగిలించండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ మళ్లీ చేయాలి. అదే సమయంలో యాంప్ పాజిటివ్, నెగటివ్ మధ్య 12.5 కంటే కింద పడుతుంటే వైరో, కనెక్షనో, ఆల్టర్నేటరో ఎక్కడో చాలడం లేదు. అరగంట పాట నడిచాక ఫ్యూజు హోల్డరునీ, లగ్గుల్నీ చేత్తో తాకి చూడండి. కాస్త గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి పెట్టలేనంత వేడుంటే ఆ జాయింటు వదులుగా ఉన్నట్టే.

వచ్చే భాగం గెయిన్ సెట్టింగు, అంటే స్టీరియో సిగ్నల్‌కి తగ్గట్టు యాంప్‌ని సరిచేయడం. దానికి 50 హెర్ట్జ్ టోన్ ఫైలు ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. అప్పటిదాకా ఈ లెక్క చేసి పెట్టండి: 2 ఓమ్‌ల దగ్గర 600 వాట్లిచ్చే క్లాస్ డి యాంప్, బ్యాటరీ నుంచి 6 మీటర్లు, రాగి వైరు. ఎన్ని ఆంపియర్లు, ఏ గేజు, ఏ ఫ్యూజు?