చిప్-8 ఎమ్యులేటర్‌ను సొంతంగా ఎలా రాయాలి?

సి, రస్ట్ వంటి సిస్టమ్స్ భాషను సరదా కొద్దీ నేర్చుకోవడం మొదలుపెట్టినవారిలో చాలామంది, వ్యాకరణం కొంత పట్టుబడ్డాక ఇక ఏం రాయాలో తోచక ఆగిపోతారు. అలాంటివారికి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: చిప్-8 ఎమ్యులేటర్ రాయండి, అంటే చిప్-8 అనే పాత భాషలో రాసిన ఆటలను మన కంప్యూటరులో నడిపే ప్రోగ్రాము. మెమరీ, రిజిస్టర్లు, స్టాక్, టైమర్లు, స్క్రీన్, మీటలు అన్నీ అందులో ఉన్నాయి. అయినా మొత్తం ఆదేశాలు 35 మాత్రమే కాబట్టి, తీరిక వేళల్లో రాసుకున్నా రెండు మూడు వారాల్లో పని పూర్తవుతుంది. మొదలుపెట్టిన పని పూర్తవడం అభిరుచి కోసం ప్రోగ్రామింగ్ చేసేవారికి ఎంత అరుదో వారికే తెలుసు.

చిప్-8 నిజానికి ఒక యంత్రం కాదు. ఆర్‌సిఏ అనే అమెరికా ఎలక్ట్రానిక్స్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన జోసెఫ్ వైస్‌బెకర్, 1977లో వచ్చిన కాస్మాక్ విఐపి అనే చిన్న కంప్యూటరులో ఆటలు రాసుకోవడం సులువు కావాలని రూపొందించిన భాష అది. 1802 ప్రాసెసర్‌తో నడిచే ఆ కంప్యూటరులో మొదట ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లే. చిప్-8ను చదివి అమలుచేసే ఇంటర్‌ప్రెటర్ మెమరీ మొదట్లో 512 బైట్లను ఆక్రమించేది. ఈనాటికీ చిప్-8 ప్రోగ్రాములు 512వ చిరునామా నుండి మొదలవడానికి కారణం అదే. ఆ లెక్కన మనం రాయబోయేది కూడా ఇంటర్‌ప్రెటరే గానీ, ఎమ్యులేటర్ అన్న పేరే వాడుకలో స్థిరపడింది.

మొదటి అడుగు: యంత్రాన్ని డేటాగా రాసుకోవడం

ముందుగా 4096 బైట్ల అర్రే ఒకటి తీసుకోండి, అదే మెమరీ. ఎనిమిది బిట్ల రిజిస్టర్లు, అంటే లెక్కలకు వాడే విలువలను ఉంచుకునే చిన్న గదులు, 16 కావాలి. వాటిని వి0 నుండి వి15 వరకు అనుకుందాం. వీటిలో చివరిదైన వి15ను ఫ్లాగ్‌గా, అంటే ఆదేశం ఫలితం గురించి ఒక సూచన నిలిపే గుర్తుగా, వాడతారు కనుక అందులో ఆటకు సంబంధించిన విలువలు దాచకూడదు. వీటితో పాటు మెమరీ చిరునామాను ఉంచుకునే పదహారు బిట్ల ఇండెక్స్ రిజిస్టర్, తరువాత చదవాల్సిన ఆదేశం ఎక్కడుందో చెప్పే, 512తో మొదలయ్యే ప్రోగ్రామ్ కౌంటర్, సబ్‌రొటీన్ల నుండి తిరిగి రావలసిన 16 చిరునామాలు పట్టే స్టాక్, ఎనిమిది బిట్ల టైమర్లు రెండు, అడ్డంగా 64, నిలువుగా 32 చొప్పున 2048 పిక్సెళ్ళ స్క్రీన్ ఉండాలి.

అంకెల ఆకారాలను కూడా మెమరీలో 512 కన్నా దిగువన ముందే నింపాలి. ఒక్కో అంకెకు 5 బైట్లు చొప్పున, 0 నుండి 15 వరకు 16 గుర్తులకు 80 బైట్లు అవుతాయి. సున్నాకు చెందిన బైట్లు 240, 144, 144, 144, 240. వీటిని బైనరీలో ఒకదాని కింద ఒకటి రాసి చూడండి: 11110000, 10010000, 10010000, 10010000, 11110000. ఒకట్లను మాత్రమే చూస్తే సున్నా ఆకారం కనిపిస్తుంది.

రెండవ అడుగు: ఆదేశాన్ని చదవడం

ప్రతి ఆదేశం రెండు బైట్లు. మొదటి బైటును 256తో గుణించి రెండవ బైటును కలిపితే ఆదేశం వస్తుంది. ఇలా కలపకుండా మెమరీలోని రెండు బైట్లను నేరుగా పదహారు బిట్ల సంఖ్యగా చదివితే, మన కంప్యూటర్ల ప్రాసెసర్లు బైట్లను తిరగేసి చదువుతాయి కాబట్టి మొదటి ఆదేశం దగ్గరే బోల్తా పడతారు. ఆదేశాన్ని చదివిన వెంటనే ప్రోగ్రామ్ కౌంటర్‌కు 2 కలపండి. దీన్ని ఆదేశం అమలయ్యాక చేద్దామని వాయిదా వేస్తే, వేరే చిరునామాకు దూకే ఆదేశాలు, సబ్‌రొటీన్లు (పిలిస్తే నడిచి, పిలిచిన చోటికే తిరిగి వచ్చే కోడ్ ముక్కలు) వచ్చినప్పుడు లెక్క రెండు బైట్లు అటూ ఇటూ అవుతుంది.

చదివిన ఆదేశాన్ని నాలుగేసి బిట్ల ముక్కలుగా విడగొట్టాలి. మొదటి ముక్క ఏం చేయాలో చెబుతుంది. రెండవది, మూడవది సాధారణంగా రిజిస్టర్ల సంఖ్యలు. సాంకేతిక పత్రాల్లో ఇవన్నీ హెక్సాడెసిమల్‌లో, అంటే 0 నుండి 9, ఏ నుండి ఎఫ్ గుర్తులతో రాసే పదహారు అంకెల పద్ధతిలో ఉంటాయి. ఇక్కడ అందరికీ అలవాటైన పది అంకెల పద్ధతిలోనే రాస్తున్నాను.

మూడవ అడుగు: ముందు ఆరు ఆదేశాలే

35 ఆదేశాలనూ ఒకే ఊపులో రాసి, ఆపై ఏదో ఒక ఆటను నడిపి చూసేవారికి సాధారణంగా మిగిలేది నల్లటి తెర, తప్పెక్కడుందో తెలియని అయోమయం. కాబట్టి ఐబిఎమ్ చిహ్నాన్ని చూపే 132 బైట్ల చిన్న ప్రోగ్రామును సంపాదించి, దానికి అవసరమైన ఆరు ఆదేశాలను మాత్రమే ముందుగా రాయండి. అవి తెరను తుడవడం, రిజిస్టర్‌లో విలువ పెట్టడం, రిజిస్టర్‌కు విలువ కలపడం, ఇండెక్స్ రిజిస్టర్‌ను నింపడం, దూకడం, బొమ్మ గీయడం.

ఆ ప్రోగ్రాములోని మొదటి పది బైట్లు ఇవి: 0, 224, 162, 42, 96, 12, 97, 8, 208, 31. మొదటి జంట తెరను తుడుస్తుంది. 162లోని పై నాలుగు బిట్ల విలువ 10, అంటే ఇండెక్స్ రిజిస్టర్‌ను నింపమని అర్థం; మిగిలిన పన్నెండు బిట్ల విలువ 2 × 256 + 42, అంటే 554. తరువాతి రెండు జంటలు వి0లో 12ను, వి1లో 8ని పెడతాయి. చివరి జంటలో 208లోని పై ముక్క 13, అంటే బొమ్మ గీయమని. వి0, వి1 చెప్పిన చోట, 554వ చిరునామా నుండి మొదలుపెట్టి 15 వరుసలు గీయాలి. ఇలా ఒక్కసారి కాగితం మీద చేత్తో విప్పి చూసినవారికి, ఆ తరువాత కోడ్ రాయడం దాదాపు నకలు దించినంత తేలిక. ప్రోగ్రాములోని చివరి ఆదేశం 552వ చిరునామాకు దూకమంటుంది, ఆ ఆదేశం ఉన్నది కూడా 552లోనే. అక్కడ మీ ఎమ్యులేటర్ తిరుగుతూ ఉండిపోతే అది తప్పు కాదు. ప్రోగ్రామ్ ముగిసిందని చెప్పడానికి ఆనాటి పద్ధతి అది.

బొమ్మ గీసే ఆదేశం మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే చిప్-8లోని తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. ఒక్కో వరుసకు ఒక్కో బైటు, ఒక్కో బిట్‌కు ఒక్కో పిక్సెల్. బిట్ ఒకటైతే తెర మీది పిక్సెల్‌ను తలకిందులు చేయాలి: వెలిగి ఉంటే ఆర్పాలి, ఆరి ఉంటే వెలిగించాలి. గీయడానికి ముందు వి15ను సున్నా చేసి, వెలిగి ఉన్న పిక్సెల్ ఏదైనా ఆరితే దానిలో ఒకటి పెట్టాలి. బంతి గోడకు తగిలిందని ఆటలు తెలుసుకునేది ఈ గుర్తుతోనే. బొమ్మ మొదలయ్యే చోటు తెర బయట ఉంటే దాన్ని 64తో, 32తో భాగించి శేషం తీసుకోవాలి. గీయడం మొదలయ్యాక అంచు దాటిన భాగాన్ని మాత్రం వదిలేయాలి.

బిట్లను ఎడమవైపు నుండి, అంటే పెద్ద బిట్ నుండి చదవాలి. నేను మొదటిసారి రాసినప్పుడు కుడివైపు నుండి చదివాను. తెర మీద ఐ అక్షరం చక్కగా వచ్చింది, బి మాత్రం ముక్కలు ముక్కలుగా పడింది. ఐ సరిగానే వచ్చింది కదా అన్న ధీమాతో, తప్పు చిరునామాల లెక్కలో ఉందనుకుని ఒక సాయంత్రమంతా అక్కడే వెతికాను. తీరా చూస్తే ఐ అక్షరం కుడి ఎడమల ఒకేలా ఉంటుంది, అందుకే తిరగబడినా తేడా తెలియలేదు.

నాలుగవ అడుగు: మిగిలిన ఆదేశాలు

ఐబిఎమ్ చిహ్నం కనిపించాక మిగిలినవి ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోవచ్చు. వీటిలో చాలావరకు ఒకటి రెండు వరుసల కోడే. కూడిక, తీసివేతల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. 200కు 100 కలిపితే ఎనిమిది బిట్లలో మిగిలేది 44, వి15లో చేరేది 1. సి భాషలో ఈ చుట్టు తిరగడం చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. రస్ట్‌లో మామూలు కూడిక గుర్తు వాడితే డీబగ్ బిల్డ్ అక్కడికక్కడే పానిక్ అయి ఆగిపోతుంది, కాబట్టి చుట్టు తిరిగే కూడిక కావాలని మీరే స్పష్టంగా రాయాలి. కొత్తవారికి రస్ట్ మేలని నేను అనుకోవడానికి ఈ కట్టుబాటే కారణం; మెమరీ హద్దు దాటినప్పుడు కూడా అది అలాగే నిలదీస్తుంది. ఏ భాషలో రాసినా, ముందు ఫలితాన్ని రాసి ఆ తరువాతే ఫ్లాగ్‌ను రాయాలి. ఫలితం వి15లోకే వెళ్ళే ఆదేశాల్లో ఈ క్రమం తప్పితే ఫ్లాగ్ చెరిగిపోతుంది. తీసివేతలో అప్పు అవసరం లేనప్పుడే ఫ్లాగ్ 1 అవుతుంది.

మరో చిక్కు చరిత్ర నుండి వచ్చింది. అసలు చిప్-8లో బిట్లను పక్కకు జరిపే ఆదేశం రెండవ రిజిస్టర్ విలువను తీసుకుని, జరిపి, మొదటి రిజిస్టర్‌లో పెడుతుంది. హెచ్‌పి-48 కాలిక్యులేటర్ల కోసం తయారైన చిప్-48 మాత్రం మొదటి రిజిస్టర్‌నే జరుపుతుంది. రిజిస్టర్లను మెమరీకి పంపే ఆదేశం అసలు రూపంలో ఇండెక్స్ రిజిస్టర్‌ను ముందుకు జరిపేది. తరువాతి రూపాల్లో ఆ పద్ధతి నిలవలేదు. ఆటలు రెండు రకాలుగానూ రాసి ఉన్నాయి కనుక ఈ రెంటికీ కోడ్‌లో ఎంపిక స్విచ్చులు పెట్టుకోవడమే ఉత్తమం.

ఐదవ అడుగు: వేగం, మీటలు

టైమర్లు రెండూ సెకనుకు 60 సార్లు ఒక్కొక్కటి చొప్పున తగ్గాలి. ఆదేశాల వేగం దీనితో ముడిపడకూడదు. సెకనుకు 60 ఫ్రేముల చొప్పున, ఫ్రేముకు 11 లేదా 12 ఆదేశాలు నడిపితే సెకనుకు 700 దాకా వస్తాయి, చాలా ఆటలకు అది సరిపోతుంది. బొమ్మను చెరపాలంటే మళ్ళీ అదే చోట గీయడమే మార్గం కాబట్టి బంతులు, బ్యాట్లు మినుకుమినుకుమంటాయి. దాన్ని సరిదిద్దాలని తంటాలు పడకండి.

అసలు యంత్రానికి నాలుగు వరుసల్లో 16 మీటలు ఉండేవి. కంప్యూటరు కీబోర్డులో ఎడమవైపున ఉన్న 1 నుండి 4, క్యూ నుండి ఆర్, ఏ నుండి ఎఫ్, జెడ్ నుండి వీ వరకు ఉన్న మీటలను అదే అమరికలో వాడుకోవడం ఆనవాయితీ. తెర మీద విండో, మీటలు, బీప్ శబ్దం కోసం ఎస్‌డిఎల్ లైబ్రరీ చాలు.

ఆరవ అడుగు: చేతిలో పట్టేంత యంత్రం

కంప్యూటరులో ఆట నడిచాక, అదే కోడ్‌ను చిన్న బోర్డు మీదకు ఎక్కించవచ్చు. ఆర్డుయినో ఊనో ఆర్3 ఇందుకు పనికిరాదు. దానిలో ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లు, మనకు మెమరీకే 4 కావాలి. ఈఎస్‌పి32 గానీ రాస్ప్‌బెర్రీ పై పికో గానీ తీసుకోండి. తెరకు ఎస్‌ఎస్‌డి1306 చిప్‌తో వచ్చే 128 × 64 ఓఎల్ఈడి చక్కగా అమరుతుంది, ఎందుకంటే చిప్-8 పిక్సెల్ ఒక్కొక్కటి అందులో సరిగ్గా రెండుకు రెండు చుక్కలవుతుంది. విద్యుత్తుకు రెండు, డేటాకు రెండు, మొత్తం నాలుగు తీగలు కలిపితే చాలు.

ఇక్కడ గమనించవలసినవి రెండు. ఈ తెరకు పంపే ఒక్కో బైటు అడ్డంగా కాక, నిలువుగా ఎనిమిది చుక్కలను సూచిస్తుంది. కాబట్టి మీ స్క్రీన్ అర్రేను ఉన్నదున్నట్టు పంపితే గజిబిజి గీతలే కనిపిస్తాయి. చిప్-8 వరుసలను నాలుగేసి చొప్పున కలిపి బైట్లు కట్టాలి. రెండవది, పూర్తి తెరకు 1024 బైట్లు కావాలి, ఒక్కో బైటు పంపడానికి తొమ్మిది క్లాక్ పల్సులు పడతాయి. ఆ రెండు డేటా తీగల మీద నడిచే ఐ2సి పద్ధతి వేగం 100 కిలోహెర్ట్జ్ అయితే ఒక ఫ్రేముకు 90 మిల్లీసెకన్ల పైనే పోతుంది, ఆట నత్తనడక నడుస్తుంది. దాన్ని 400కు పెంచి, బొమ్మ మారినప్పుడు మాత్రమే తెరకు పంపండి.

మీటలకు నాలుగుకు నాలుగు మేట్రిక్స్ కీప్యాడ్ సరిపోతుంది. హైదరాబాదులో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి విడిభాగాలు దొరుకుతాయి. అడ్డ వరుసలను ఒక్కొక్కటిగా సున్నా వోల్టులకు దించుతూ, నిలువు వరుసల్లో ఏది సున్నా అయిందో చూడాలి. నిలువు వరుసలకు పుల్-అప్ (మీట నొక్కనప్పుడు పిన్నును పై వోల్టేజి దగ్గర ఉంచే రెసిస్టర్) అవసరం కనుక ఈఎస్‌పి32లో 34 నుండి 39 వరకు ఉన్న పిన్నులను వాటికి కలపకండి. వాటి లోపల పుల్-అప్ ఉండదు. బజారులో దొరికే కీప్యాడ్ల చివరి నిలువు వరుసలో సాధారణంగా ఏ, బి, సి, డి ఉంటాయి, చిప్-8లో అదే చోట సి, డి, ఈ, ఎఫ్ ఉండాలి. అడుగు వరుసలోని నక్షత్రం, హ్యాష్ గుర్తుల స్థానంలో ఏ, బి రావాలి. చిన్న స్టిక్కర్ల మీద రాసి ఆ ఆరు మీటలకు అంటించుకుంటే సరిపోతుంది.