ప్రపోజల్‌కి ముందు మామిడి కోత ఎప్పుడో చూసుకోండి

చిత్తూరు తోతాపురి మామిడి మీద డిసర్టేషన్ అనుకుంటే "మామిడి రైతుల సమస్యలు: ఒక అధ్యయనం" అని పెట్టకండి, గైడ్ తిప్పి పంపేది అక్కడే. దళారి లేకుండా గుజ్జు ఫ్యాక్టరీకి నేరుగా తోలే రైతులు ఎంత శాతం? ఈ ఒక్క ప్రశ్న చాలు.

95 శాతం కాన్ఫిడెన్స్, 5 శాతం ఎర్రర్‌కి (అంటే వందసార్లు సర్వే చేస్తే 95 సార్లు మీ జవాబు అసలు శాతానికి అటూఇటూ 5 లోపే ఉండాలంటే) శాంపిల్ 385 మంది. పదిమందిలో ఒకరు జవాబివ్వరనుకుంటే 428. తోతాపురి రైతులందరి లిస్టులోంచి ర్యాండమ్‌గా తీస్తేనే ఈ లెక్క. ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టర్ల వరసలో దొరికినవాళ్లనే అడిగితే చెల్లదు, దళారికి అమ్మినవాళ్లు అక్కడ ఉండరు కదా!

ముందు ఇరవై మందితో పైలట్ (ప్రశ్నలు పనిచేస్తాయో చూసే ట్రయల్ సర్వే) చేయండి. "ఆదాయమెంత?" అంటే ఎవరూ సరిగా చెప్పరు. "ఎన్ని టన్నులు తోలారు, టన్నుకెంత ఇచ్చారు?" అనడగండి. సర్వే కోత అయిన నెలలోపే పెట్టుకోండి, ఆలస్యమైతే రేట్లు గుర్తుండవు.