మార్పు చేప కరెంటును పసిగడుతుందో లేదో పరీక్షించే పద్ధతి

నాగావళిలో వరద నీరు ఎర్రగా పారే రోజుల్లో జానెడు లోతున ఏముందో గట్టు మీది మనిషికి కనిపించదు గాని, ఆ బురదలోనే మార్పులు, ఇంగిలాయిలు, జెల్లలు అనే మీసాల చేపలు రాత్రివేళ ఎర్రలనూ పురుగులనూ వెతికి పట్టుకుంటాయి. మీసాలతో రుచినీ, ముక్కుతో వాసననూ తెలుసుకోవడం అందులో పెద్ద భాగమే అయినా, ప్రాణుల ఒంటి నుండి నీటిలోకి వెలువడే అతి బలహీనమైన విద్యుత్తును గుర్తించే సన్నని గుంటలు కూడా వాటి చర్మంలో, ముఖ్యంగా తల మీద, దట్టంగా ఉంటాయి. ఒక్కొక్క గుంట పైకి తెరుచుకుని, లోపల జిగురుతో నిండి, అడుగున నరంతో కలిసిన గ్రాహక కణాలతో ఉంటుంది. ఆ నరం ఏమీ జరగనప్పుడు కూడా సంకేతాలు పంపుతూనే ఉండి, చుట్టూ వోల్టేజి మారగానే ఆ వేగాన్ని పెంచడమో తగ్గించడమో చేస్తుంది. మంచినీటి చేపల్లో ఈ గుంటల నాళం మిల్లీమీటరు కూడా ఉండదు. సముద్రంలో బతికే ప్లోటోసస్ జాతిలో మాత్రం అది సెంటీమీటర్ల పొడవు సాగుతుంది.

1917లో అమెరికాలో పార్కర్, వాన్ హ్యూసెన్ అనే శాస్త్రజ్ఞులు అక్కడి మీసాల చేప కళ్ళకు గంతలు కట్టి, గాజు కడ్డీ తగిలేదాకా కదలని ఆ చేప, లోహపు కడ్డీ ఇంకా కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉండగానే స్పందించడం గమనించారు. గంతల అవసరం మనకు లేదు, చీకటి చాలు.

చేపను వేసవిలో ఊరి చెరువు పట్టినప్పుడు అడిగి తీసుకోవడం మంచిది. సంతలో మార్పు పేరుతో అమ్మేది ఆఫ్రికా మార్పు కావచ్చు; దాని పెంపకం మన దేశంలో నిషిద్ధం కనుక దాన్ని ఏ చెరువులోనూ వదలకూడదు. ఇంగిలాయి ముల్లు విషపు ముల్లు, మార్పు ముల్లు కూడా గట్టిగానే గుచ్చుకుంటుంది. అందువల్ల చేతితో పట్టకుండా చిన్న వలతోనే ఎత్తాలి.

వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో ఆ చెరువు నీరే జానెడు లోతు పోసి, చేప పైకి వచ్చి గాలి పీల్చుకునేలా ఖాళీ వదిలి, ఎగిరి బయట పడకుండా వల కప్పాలి. టబ్బు లోహంది కాకూడదు. మొదటిసారి నేను అల్యూమినియం బేసినులో ప్రయత్నించి, స్విచ్చి వేసినా తీసినా చేప ఒకే తీరున ఉండడం చూసి చేపనే తప్పుపట్టాను. నీటిలో ఉన్న లోహం తానే చిన్న కరెంటును పుట్టిస్తుందన్న సంగతి చాలా ఆలస్యంగా తట్టింది.

ఆ కారణంగానే నీటిలో ముంచడానికి తీగలు కాక, లోహం కాకపోయినా కరెంటును పంపే నల్లని ములుకు గల రెండు పెన్సిళ్ళు వాడాలి. రెండు కొనలూ చెక్కిన పెన్సిళ్ళను రెండు సెంటీమీటర్ల ఎడంతో కర్రముక్కకు కట్టి, పై మొనలకు తీగలు తగిలించాలి. ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లు, ఒక స్విచ్చి, ఒక రెసిస్టరు వరుసగా కలపాలి. రెసిస్టరు 2.2 మెగా ఓములది ఉండాలి. టీవీలు బాగుచేసే దుకాణంలో ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ పట్టీలున్నది అడిగితే ఇస్తారు. దానివల్ల కరెంటు సుమారు 0.7 మైక్రో ఆంపియరుకు మించదు. రెసిస్టరు లేకుండా కలిపితే కరెంటు ఎక్కువై చేప దగ్గరకు రావడానికి బదులు దూరంగా పారిపోవచ్చు. ఇంటి కరెంటును ఈ పరీక్షకు ఏ రూపంలోనూ వాడకూడదు. అక్వేరియం మోటారు ఉంటే దాన్ని ప్లగ్గు నుండి తీసివేయాలి.

చేపను ఒక పగలంతా కదిలించకుండా ఉంచి, రాత్రి ఎర్ర కాగితం చుట్టిన టార్చి మసక వెలుతురులో పెన్సిళ్ళను టబ్బులో ఒక మూల కదలకుండా నిలపాలి. స్విచ్చి టబ్బు ఉన్న బల్ల మీద ఉండకూడదు, దాని చప్పుడు కూడా చేపకు కబురే అవుతుంది. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మ పడితే కరెంటు ఇవ్వాలి, బొరుసు పడితే ఇవ్వకూడదు. రెండవవారు ఆ సంగతి తెలియకుండా, చేప మొనల దగ్గరకు వచ్చి ముట్టెతో పొడిచిందా, పక్కగా వెళ్ళిపోయిందా అని మాత్రమే కాగితం మీద రాయాలి. గాజు కడ్డీనీ ఇనుప కడ్డీనీ మార్చి చూడడం కన్నా నాకు ఇదే నమ్మకంగా తోస్తుంది, ఎందుకంటే ఇందులో చేతి కదలిక గాని, కడ్డీ వాసన గాని మారవు, కరెంటు ఒక్కటే మారుతుంది.

ఇరవై సార్లు చేసి, కరెంటు ఇచ్చినప్పటి లెక్కనూ ఇవ్వనప్పటి లెక్కనూ పోల్చండి. పది పన్నెండు సార్లయ్యాక తిండి దొరకదని అలవాటుపడి చేప పెన్సిళ్ళను పట్టించుకోవడం మానేస్తే, ఆ రాత్రికి ఆపి మరునాడు కొనసాగించాలి. పూర్తయ్యాక చేపను తెచ్చిన చెరువులోనే, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు వదలాలి.

గుంటలను కంటితో చూడాలనుకునేవారు చనిపోయిన చేప తల తోలును పల్చగా ఒలిచి, బడిలోని సూక్ష్మదర్శిని కింద పెట్టుకోవచ్చు. భూతద్దానికే కనిపించే పెద్ద రంధ్రాలు నీటి కదలికను పసిగట్టే పార్శ్వరేఖ అనే అవయవానికి చెందినవి. విద్యుత్ గ్రాహకాల నోళ్ళు అంతకన్నా చాలా సన్నగా, వాటి చుట్టూ చెదురుమదురుగా ఉంటాయి.