ఎడారి, రేపటి జీవితం: రెండు టాపిక్‌లతో రెండు వారాలు ఇంగ్లీషు సాధన ఎలా చేయాలి?

టెన్సుల పట్టికలన్నీ అప్పజెప్పగలిగినవాళ్లు కూడా ఇంగ్లీషులో రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడలేకపోతారు. చాలామంది విషయంలో దీనికి కారణం గ్రామర్ రాకపోవడం కాదు, మాట్లాడడానికి విషయం చేతిలో లేకపోవడం. ఈ రోజు హోటల్లో సంభాషణ, రేపు బ్యాంకులో సంభాషణ, ఎల్లుండి యాభై కొత్త పదాలు. ఇలా చదివితే ఏ పదమూ రెండోసారి ఎదురుకాదు, అందుకే ఏదీ నిలవదు. వారం రోజులు ఒకే టాపిక్ మీద ఉంటే అవే పదాలు చదివేటప్పుడూ రాసేటప్పుడూ మాట్లాడేటప్పుడూ మళ్లీ మళ్లీ తగులుతాయి.

మొదటి వారం ఎడారి, రెండో వారం రేపటి జీవితం తీసుకుందాం. ఈ వరసకు కారణం ఉంది. ఎడారి గురించి చెప్పేవన్నీ ఎప్పుడూ ఉండే సంగతులు కాబట్టి సింపుల్ ప్రెజెంట్ సరిపోతుంది. రేపటి జీవితానికి ఫ్యూచర్ కావాలి. తెలుగులో ఈ రెంటికీ ఒకే క్రియారూపం వాడతాం. మనవాళ్ల తడబాటు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగితే చాలు, మొదలుపెట్టవచ్చు. రోజుకు నలభై నిమిషాలు, ఒక నోట్‌బుక్, వాయిస్ రికార్డర్ ఉన్న ఫోన్ కావాలి. ఇక్కడ ఇంగ్లీషు వాక్యాలు తెలుగు లిపిలో ఇచ్చాం కానీ మీ నోట్‌బుక్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి. లేకపోతే స్పెల్లింగ్ ఎప్పటికీ రాదు.

1. టాపిక్‌ను ఒక ప్రశ్నకు కుదించండి

“ఎడారి” అని పెట్టుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. “థార్ ఎడారిలో మనుషులకు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి?” అని పెట్టుకుంటే ఏం చదవాలో వెంటనే తెలుస్తుంది. ఈ ప్రశ్నకు జవాబులో కాలువ వస్తుంది, బావి వస్తుంది, వాన వస్తుంది, ఒంటె వస్తుంది. పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ కలిసేచోట హరికే బరాజ్ నుంచి బయల్దేరి రాజస్థాన్ దాకా వెళ్లే ఇందిరాగాంధీ కాలువ ఒక్కటే నాలుగు రోజుల చదువుకు సరిపోతుంది.

చదవడానికి 150 నుంచి 200 పదాల పేరా ఒకటి చాలు. సింపుల్ ఇంగ్లీష్ వికీపీడియాలో థార్, సహారా పేజీలు తేలిక మాటల్లో ఉంటాయి. ఇంట్లో పిల్లల ప్రభుత్వ పాఠ్యపుస్తకాలుంటే ఇంకా మంచిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండుచోట్లా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఒకే పాఠం ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంటుంది. సోషల్ పుస్తకంలో ఎడారి గురించో, వాతావరణం గురించో ఉన్న పాఠం తీసుకుని ముందు తెలుగు పేజీ చదవండి. తర్వాత తెలుగు మూసేసి ఇంగ్లీషు పేజీ చదవండి. అర్థం ముందే తెలుసు కాబట్టి డిక్షనరీ కోసం ఆగకుండా, వాక్యం ఎలా కట్టారో చూడడం మీదే దృష్టి నిలుస్తుంది. రెండు రోజులు పోయాక తెలుగు పేజీలోంచి ఐదు వాక్యాలు మీరే ఇంగ్లీషులోకి రాసి, ఎదుటి పేజీతో పోల్చుకోండి. దిద్దేవాళ్లు దగ్గర లేనివాళ్లకు ఇంతకంటే మంచి సాధనం దొరకదు.

2. పదాలు జంటగా రాసుకోండి, 25 దాటకండి

చాలామంది వంద పదాలు రాసుకుని ఒక్కటీ వాడరు. వారానికి 25 చాలు. ఒంటరి పదం రాయకండి. పక్కన ఏ మాట వస్తుందో దానితో కలిపి రాయండి. “రెయిన్” అని కాకుండా “హెవీ రెయిన్” అని రాయాలి. గట్టి వాన కదా అని “స్ట్రాంగ్ రెయిన్” అంటే ఇంగ్లీషువాళ్ల చెవికి వింతగా ఉంటుంది. అలాగే “డ్రై క్లైమేట్”, “శాండ్ డ్యూన్స్”, “డిగ్ అ వెల్”, “రన్ అవుట్ ఆఫ్ వాటర్”, “ద రివర్ డ్రైస్ అప్”. నీళ్లు అయిపోవడం, ఏరు ఎండిపోవడం మనం రోజూ అనే మాటలే. వాటి ఇంగ్లీషు రూపాలు జంటగా నోటికొస్తే వాక్యం సగం తయారైనట్టే.

3. రోజుకు ఆరు వాక్యాలు రాయండి

మూడో రోజు నుంచి ఆరు వాక్యాలు చొప్పున రాయండి. రాసేది ఎప్పుడూ నిజమైన సంగతే అయ్యుండాలి. మచ్చుకు కొన్ని: వాన ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు పడే ప్రాంతాన్ని సాధారణంగా ఎడారి అంటారు. లదాఖ్ చల్లని ఎడారి. సహారా విస్తీర్ణం సుమారు 90 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు మూడు ఇండియాలంత. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం ఖేజ్రీ, మన జమ్మిచెట్టే. తెలంగాణకూ అదే రాష్ట్ర వృక్షం. “వీ కాల్ ఇట్ జమ్మి ఇన్ తెలుగు, అండ్ వీ వర్షిప్ ఇట్ ఎట్ దసరా” అన్న వాక్యం పాఠంలోంచి కాదు, మీ ఇంట్లోంచి వచ్చింది కాబట్టి మరిచిపోరు.

ఈ వాక్యాల్లో తప్పులు మూడు చోట్ల వస్తాయి.

మొదటిది “ద”. ఎడారులు, నదులు, సముద్రాల పేర్ల ముందు “ద” ఉంటుంది: ద థార్, ద సహారా, ద గోదావరి. రాష్ట్రాలు, ఊళ్ల పేర్ల ముందు ఉండదు: రాజస్థాన్, జైసల్మేర్, అనంతపురం. తెలుగులో ఆర్టికల్ లేదు కాబట్టి ఇది చెవికి తట్టదు. రాశాక ఒకసారి కేవలం “ద” కోసమే చదువుకోవాలి.

రెండోది “లిటిల్”. “ఇట్ గెట్స్ లిటిల్ రెయిన్” అంటే వాన పడదన్నంత తక్కువ. “ఇట్ గెట్స్ అ లిటిల్ రెయిన్” అంటే కాస్తో కూస్తో పడుతుంది. ఆ చిన్న “అ” ఒక్కటి జారితే అర్థం తిరగబడుతుంది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, కాబట్టి లెక్క ప్రకారం అది ఎడారి కాదు. కానీ బొమ్మనహాళ్, కణేకల్లు వైపు వేదవతి ఒడ్డున ఇసుక మేటలు పొలాల మీదికి వస్తున్న సంగతి అక్కడివాళ్లకు తెలుసు. “ఇట్ ఈజ్ నాట్ అ డెజర్ట్, బట్ శాండ్ ఈజ్ కవరింగ్ సమ్ ఫీల్డ్స్” లాంటి వాక్యం రాయగలిగితే మొదటి వారం బాగా సాగుతున్నట్టే.

మూడోది పోలిక. “మోర్ హాటర్”, “మోస్ట్ డ్రైయెస్ట్” తప్పు. చిన్న పదానికి చివర “ర్” చేరితే “మోర్” అక్కర్లేదు: “ద థార్ ఈజ్ మచ్ స్మాలర్ దాన్ ద సహారా.”

4. నోరు తిరిగేదాకా పైకి చదవండి

“డెజర్ట్” అన్న మాటలో మధ్య శబ్దం మన “జ” కాదు. గొంతు మీద వేలు పెట్టి “స్‌స్‌స్” అనండి, అదుర్లు ఉండవు. నాలుకను అక్కడే ఉంచి గొంతు అదిరేలా పలికితే ఆ శబ్దం వస్తుంది. నొక్కి పలికేచోటు కూడా ముఖ్యం. ఎడారిలో మొదటి అక్షరం నొక్కాలి: డె-జర్ట్. భోజనం చివర తినే తీపిలో రెండోది నొక్కాలి: డి-జర్ట్. స్పెల్లింగ్‌లో తీపికి రెండు “ఎస్”లు. వదిలేసి వెళ్లిపోవడం అనే క్రియకు స్పెల్లింగ్ ఎడారిదే, పలుకు మాత్రం తీపిది.

ఫోన్ వాయిస్ టైపింగ్‌తో సరిచూసుకోవచ్చు. అయితే వాక్యంలో పెట్టి పలికితే పక్క మాటలను బట్టి ఫోన్ ఊహించేసి సరైనదే రాస్తుంది, మీ తప్పు బయటపడదు. అందుకని పదం ఒక్కటే పలికి చూడండి.

5. రెండో వారం: “ఉంటుంది” అనే మాటను విడదీయండి

“ఎండాకాలంలో వేడిగా ఉంటుంది.” “రేపు వేడిగా ఉంటుంది.” తెలుగులో రెండూ ఒకటే. ఇంగ్లీషులో మొదటిది “ఇట్ ఈజ్ హాట్ ఇన్ సమ్మర్”, రెండోది “ఇట్ విల్ బీ హాట్ టుమారో”. ఏది వాడాలో తేల్చుకోవడానికి వాక్యంలో “ఎప్పుడూ” పెట్టి చూడండి. అర్థం చెడకపోతే సింపుల్ ప్రెజెంట్. “ఇకమీదట” పెడితేనే కుదిరితే “విల్”. మొదటి వారం రాసిన ఎడారి వాక్యాలు తీసి, ఒక్కోదాని పక్కన దాని భవిష్యత్తు రూపం రాయడమే ఈ వారం మొదటి రెండు రోజుల పని.

తర్వాత తెలుగు క్రియ చివర్లను పట్టుకోండి. ఇంగ్లీషు ఫ్యూచర్ పట్టికల కంటే ఇది చాలామందికి తేలిక. “వెళ్లబోతున్నాను” అంటే ముందే అనుకున్న పని: “అయామ్ గోయింగ్ టు గో.” “వాన పడేలా ఉంది” అని మబ్బు చూసి అంటే అక్కడా “గోయింగ్ టు”నే: “ఇట్స్ గోయింగ్ టు రెయిన్.” “పడొచ్చు” అంటే “ఇట్ మైట్ రెయిన్.” టికెట్ కొనేశాక “రేపు హైదరాబాద్ వెళ్తున్నాను” అంటాం, ఇంగ్లీషు కూడా అదే పద్ధతి: “అయామ్ గోయింగ్ టు హైదరాబాద్ టుమారో.” ఇక్కడ “విల్” అక్కర్లేదు. ఎవరో బరువు మోస్తుంటే అప్పటికప్పుడు “నేను పట్టుకుంటాను” అంటే మాత్రం “ఐల్ క్యారీ ఇట్.”

“వాన పడితే”, “ఉద్యోగం వచ్చాక” దగ్గర దాదాపు అందరూ జారతారు. “ఇఫ్ ఇట్ విల్ రెయిన్” అని రాస్తారు. “వచ్చాక” అన్నది జరిగిపోయినట్టు వినిపిస్తుంది కాబట్టి “ఆఫ్టర్ ఐ గాట్ అ జాబ్, ఐ విల్ బై అ హౌస్” అంటారు. రెండూ తప్పే. ఇఫ్, వెన్, ఆఫ్టర్, అంటిల్ వెనక వచ్చే భాగంలో సింపుల్ ప్రెజెంట్ ఉండాలి, “విల్” రెండో భాగంలోకే వెళ్లాలి: “ఆఫ్టర్ ఐ గెట్ అ జాబ్, ఐ విల్ బై అ హౌస్.” ఇలాంటి వాక్యాలు మీ గురించే పది రాయండి. ఇంటి అప్పు, పిల్ల చదువు, మార్చాలనుకున్న బండి, ఏదైనా సరే.

“కల్లా”, “దాకా” కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. 2040 కల్లా అంటే “బై”, 2040 దాకా అంటే “అంటిల్”. ఇంకో పదేళ్లకు అంటే “ఇన్ టెన్ ఇయర్స్”, “ఆఫ్టర్ టెన్ ఇయర్స్” కాదు.

ప్రశ్న అడిగేటప్పుడు “హౌ ఇట్ విల్ బీ?” అని రావడం సహజం, ఎందుకంటే తెలుగులో ప్రశ్నకూ మామూలు వాక్యానికీ వరస మారదు. “వాట్ విల్ ఇట్ బీ లైక్?” అనాలి. “రాడనుకుంటా” అనడానికి “ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్.” కాదనడం “థింక్” దగ్గరే వచ్చేస్తుంది. ఇక “వోన్ట్”, “వాంట్” పలకడంలో జాగ్రత్త. వెళ్లను అనబోతే ఎదుటివాళ్లకు వెళ్లాలని ఉంది అన్నట్టు వినిపిస్తుంది. మొదటిదానిలో “ఓ” దీర్ఘంగా, పెదాలు గుండ్రంగా ఉండాలి.

6. రెండు టాపిక్‌లూ కలిపి రెండు నిమిషాలు రికార్డ్ చేయండి

పదో రోజు నుంచి రోజూ ఇదే ప్రశ్న: “వాట్ విల్ లైఫ్ ఇన్ ద థార్ బీ లైక్ ఇన్ 2050?” ముప్పై సెకన్లు ఇప్పుడెలా ఉందో చెప్పండి, సింపుల్ ప్రెజెంట్‌లో. ముప్పై సెకన్లు ఏం మారుతోందో: జోధ్‌పూర్ వైపు భడ్లాలో 2,245 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది, అందుకని “పీపుల్ ఆర్ యూజింగ్ ద డెజర్ట్ టు మేక్ పవర్”. ముప్పై సెకన్లు “విల్”, “మైట్”తో ఊహ. చివరి ముప్పై సెకన్లు మీ సొంత సంగతి, “గోయింగ్ టు”తో.

వ్యాసం రాసి బట్టీ పట్టి చదవకండి. కాగితం మీద ఎనిమిది మాటలకు మించి ఉండకూడదు. విన్నప్పుడు అన్ని తప్పులూ ఒకేసారి దిద్దబోతే మర్నాడు నోరు పెగలదు. ఒక రికార్డింగ్‌లో రెండు రకాల తప్పులే ఎంచుకోండి. సోమవారం “ద”, “విల్” చూస్తే మంగళవారం “ఇఫ్” వాక్యాలు. పాత రికార్డింగులు చెరపకండి. పద్నాలుగో రోజు, పదో రోజుది పక్కపక్కన వింటే ఎక్కడ ఆగడం తగ్గిందో మీకే వినిపిస్తుంది.

మూడో వారానికి టాపిక్ ఎంచుకునేటప్పుడు ఈ యాభై పదాల్లో సగమైనా మళ్లీ అవసరమయ్యేది చూడండి. గల్ఫ్‌కు వెళ్లాలనుకునేవాళ్లు ఎండలో పని గురించి తీసుకోవచ్చు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో ఆరుబయట పని చేయించడంపై నిషేధం ఉంటుంది. ఆ నిబంధన చెప్పే నోటీసు ఇంగ్లీషులో చదివి, అందులో “మస్ట్”, “మస్ట్ నాట్” ఎక్కడెక్కడ వచ్చాయో గీత గీసుకుని, సూపర్‌వైజర్‌ను అడగాల్సిన ప్రశ్నలు నాలుగు రాయడంతో ఆ వారం మొదలుపెట్టండి.