అను అలవాటైన చేతులతో యూనికోడ్ తెలుగు టైపింగ్

మా డీటీపీ షాపులో కొత్తగా చేరిన పిల్ల మొదటి వారంలోనే ఏడుపు మొహం పెట్టింది. "అక్కా, లక్ష్మి రావడం లేదు" అంది. ప్రూఫు చూసుకోవడానికి రావాల్సిన కస్టమరేమో అనుకున్నాను. తీరా చూస్తే శుభలేఖలో పెళ్లికూతురి పేరు. స్క్రీన్ మీద ల ఉంది, పక్కన నెత్తిన పొల్లు తగిలించుకున్న కి ఉంది, ఆ తర్వాత ఎవరికీ కానట్టు ష్మ ఒంటరిగా నిలబడి ఉంది.

ఆ పిల్ల తప్పేం లేదు. ఒంగోలులో ఆరు నెలలు అను, అంటే డీటీపీ షాపుల్లో వాడే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరు, నేర్చుకుని వచ్చింది. నేనూ అట్టా వచ్చినదాన్నే. అనులో కంటికి ఎట్టా కనిపిస్తే అట్టా కొడతాం. లక్ష్మిలో గుడి క నెత్తిన కనిపిస్తుంది కాబట్టి ముందు కి వేసి, కింద ష వత్తు, మ వత్తు తగిలిస్తాం. యూనికోడ్‌లో ఆ లెక్క చెల్లదు. యూనికోడ్ అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో సొంత నంబరిచ్చి, ఏ కంప్యూటరైనా ఒకేలా చదివేట్టు చేసిన పద్ధతి. నోటితో పలికే వరుసలోనే కొట్టాలి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, అన్నిటికన్నా చివర గుడి. ఆ గుడిని తీసుకెళ్లి క మీద కూర్చోబెట్టడం, వత్తుల్ని కిందికి దించడం ఫాంటు చేసుకుంటుంది. బొమ్మ గీయడం మన పని కాదు, వరుస చెప్పడం వరకే మన పని.

నాకు తెలిసిన డీటీపీ వాళ్లలో సగం మంది ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్, అను జంట మీదే బతుకుతున్నారు. కరపత్రానికి, ఫ్లెక్సీకి అది చాలు. కాకపోతే అను అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాక్కున్న బొమ్మలు. ఫాంటు తీసేస్తే పిచ్చిగీతలే మిగులుతాయి. వాట్సాప్‌లో పంపలేం, గూగుల్‌లో వెతకలేం. పేజ్‌మేకర్ 7కి యూనికోడ్ తెలుగు పెడితే దానికి ఏమీ అర్థం కాదు. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లో మొదటి వెర్షన్‌లోనే దొరికింది. ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు కూడా వచ్చేసింది. మనమే చేతులు మార్చుకోలేదు.

ముందు కీబోర్డు. విండోస్ 11లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్ వరుసగా తెరిచి తెలుగు యాడ్ చేయండి. దాని పక్కన మూడు చుక్కలు నొక్కితే లాంగ్వేజ్ ఆప్షన్స్ వస్తాయి. అక్కడ రెండు కీబోర్డులు దొరుకుతాయి. ఉత్తగా తెలుగు అని ఉన్నది ఇన్‌స్క్రిప్ట్, అంటే ఒక్కో తెలుగు అక్షరానికి ఒక్కో కీ కేటాయించిన పద్ధతి. తెలుగు ఫొనెటిక్ అని ఉన్నది ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు చేసేది. ఇది 2019లో విండోస్ 10కి వచ్చిన మే అప్‌డేట్‌తో మొదలైంది. భాషలు మార్చుకోవడానికి విండోస్ బటన్ పట్టుకుని స్పేస్ నొక్కాలి. దీనికోసం బయటి నుంచి ఏ సాఫ్ట్‌వేరూ దించుకోనక్కర్లేదు. లైనక్స్ వాడేవాళ్లు అందులో కీబోర్డులు చూసుకునే ఐబస్‌కి ఎమ్17ఎన్ ప్యాకేజీ కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతీ వస్తుంది.

రెండిట్లో ఏది మంచిదంటే, రోజుకు నాలుగు లైన్లు కొట్టేవాళ్లకు ఫొనెటిక్ చాలు. రోజంతా ఇదే పనిగా ఉండేవాళ్లు మాత్రం నా మాట విని ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. మొదటి పది రోజులు చేతులు తిట్టుకుంటాయి, నిజమే. కానీ దాంట్లో ఊహించడం ఉండదు, ఏ కీ నొక్కితే అదే అక్షరం పడుతుంది. ఎడమ చేతి వైపు గుణింతాలు, కుడి చేతి వైపు హల్లులు. మా ఊరి పేరే చూడండి. కందుకూరు అంటే కే, ఎక్స్, ఓ, జీ, కే, టీ, జే, జీ. ఎనిమిది నొక్కులు, అంతే. కే అంటే క, షిఫ్ట్ పట్టి కే కొడితే ఖ. ఎఫ్ అంటే గుడి, షిఫ్ట్ పట్టి ఎఫ్ కొడితే ఇ. పొల్లు ఎడమ మధ్య వేలి కిందే, డీ మీద ఉంటుంది. ఇందాకటి లక్ష్మి ఏంటంటే ఎన్, కే, డీ, షిఫ్ట్ కామా, డీ, సీ, ఎఫ్. ఆ పిల్ల చేత దీన్ని ఇరవైసార్లు కొట్టించాను. తర్వాత మాల్యాద్రి. వలేటివారిపాలెం దగ్గర మాలకొండ మీద లక్ష్మీనరసింహస్వామి ఉన్నంతకాలం మా దగ్గరికొచ్చే కార్డుల్లో ప్రతి పదింటికీ ఒక మాల్యాద్రో మాలకొండయ్యో తప్పదు. ఈ రెండు పేర్లూ చేతికొస్తే మా షాపులో సగం పని వచ్చినట్టే.

ఇంక బ్యాక్‌స్పేస్ సంగతి. కొత్తవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. స్త్రీ అనే అక్షరం ఒక్కటిగా కనిపిస్తుంది గానీ ఫైల్లో ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. దాని పక్కన కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కసారే కొట్టి చూడండి. మొదటి దెబ్బకు దీర్ఘం పోయి స్త్ర మిగులుతుంది. రెండో దెబ్బకు ర పోయి స్త్ అని పొల్లుతో నిలబడుతుంది. మూడో దెబ్బకు స్త. నాలుగుకు స్. ఐదుకు స. అంటే వేసిన వరుసలోనే వెనక్కి ఊడుతూ వస్తుంది. డిలీట్ అట్టా కాదు. స్త్రీకి ముందు కర్సర్ పెట్టి డిలీట్ కొడితే చాలా ఎడిటర్లలో ఆరు ముక్కలూ ఒక్క దెబ్బకు పోతాయి. బాణం కీ కూడా స్త్రీ మధ్యలో ఆగదు, మీది నుంచి దూకేస్తుంది. కాబట్టి అక్షరం చివర చిన్న తప్పుంటే బ్యాక్‌స్పేస్‌తో దిద్దుకోండి. మధ్యలో ఉంటే గింజుకోకుండా మొత్తం తీసేసి మళ్లీ కొట్టండి, అదే తొందరగా అవుతుంది. గుడో కొమ్మో దేనికీ అంటుకోకుండా చుక్కల గుండ్రం మీద కూర్చుని కనిపిస్తే దానికి ముందుండాల్సిన హల్లు పడలేదని అర్థం.

యూనికోడ్ విలువ నాకు బాగా తెలిసొచ్చింది 2022 ఏప్రిల్ 4న. ఆ రోజు జిల్లాలు మారాయి, మా కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి పోయింది. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత పేరు మారి ప్రకాశం అయింది) పుట్టకముందు మేం నెల్లూరు వాళ్లమే. మా తాత చిరునామా మళ్లీ మాకొచ్చింది, అంతే. కానీ షాపులో ఉన్న అగ్రిమెంట్లు, అఫిడవిట్లు, అర్జీల నమూనాలన్నిటిలో ప్రకాశం జిల్లా అనే ఉంది. అను ఫైళ్లను ఒక్కొక్కటే తెరిచి కళ్లతో వెతుక్కున్నాను. యూనికోడ్ ఫైళ్లను నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ అనే ఎడిటర్‌లో ఒక్కసారే తెరిచి, రీప్లేస్ డబ్బాలో పైన ప్రకాశం అని, కింద శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అని కొట్టి, అన్నిటికీ ఒకేసారి నొక్కేశాను. అబ్బ, ఎంత హాయి అనుకున్నాను. సాయంత్రం ఒక అర్జీ ప్రింటు తీసి చదివితే టంగుటూరి ప్రకాశం పంతులు గారి విగ్రహం కాస్తా టంగుటూరి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు పంతులు గారి విగ్రహం అయి కూర్చుంది. ఇద్దరు మహానుభావుల్నీ కలిపి ఒకే పీఠం మీదికెక్కించాను! వెతికేటప్పుడు జిల్లా అనే మాట కూడా కలిపి కొట్టి ఉంటే ఈ గోల ఉండేది కాదు. రీప్లేస్ ఆల్ నొక్కేముందు ఫైండ్ ఆల్ నొక్కి ఆ జాబితా ఒకసారి చదవండి.

ఇంకో చిత్రం. కొన్ని ఫైళ్లలో ప్రకాశం కళ్లెదురుగా కనిపిస్తున్నా ఫైండ్‌కు దొరకలేదు. అరగంట తల పట్టుకున్నాక తెలిసింది, ఎవరో సున్న బదులు తెలుగు అంకె సున్నా కొట్టారు. ప్రకాశం, ప్రకాశ౦. ఈ రెండిట్లో తేడా మీకు కనిపిస్తే మీ కళ్లజోడు మంచిది. కంప్యూటర్‌కు మాత్రం ఒకటి అక్షరం, ఇంకోటి అంకె. ఇట్టాంటి దొంగ సున్నలు పట్టుకోవాలంటే తెలుగు అంకె సున్నాను ఎక్కడి నుంచైనా కాపీ చేసి ఫైండ్‌లో పేస్ట్ చేయండి. విసర్గదీ ఇదే కథ. ఓం నమః శివాయ కొట్టమంటే చాలామంది నమ పక్కన ఇంగ్లీషు కోలన్ పెట్టి వదిలేస్తారు. ఇన్‌స్క్రిప్ట్‌లో విసర్గ షిఫ్ట్ పట్టి హైఫన్ నొక్కితే వస్తుంది, అంత దూరమేం కాదు. ఐత్వానికి కూడా యూనికోడ్‌లో రెండు రకాల రాత ఉంది. నేరుగా ఐత్వం ఒకటి, ఎత్వానికి కింద ఐత్వపు గుర్తు విడిగా కలిపేది ఇంకోటి. కంటికి రెండూ ఒకటే. కీబోర్డుతో కొడితే మొదటిదే పడుతుంది గానీ, బయటి నుంచి పేస్ట్ చేసిన మాటల్లో పై, కై లాంటివి ఫైండ్‌కు దొరక్కపోతే దీన్ని అనుమానించండి.

సేవ్ చేయడంలో నేను తిన్న దెబ్బ కూడా చెప్తాను. మాలకొండలో అన్నదానానికి చందాలిచ్చినవాళ్ల పేర్లు ఒకాయన రాయించుకున్నాడు. అప్పట్లో మా దగ్గర విండోస్ 7. నోట్‌ప్యాడ్‌లో మధ్యాహ్నమంతా కూర్చుని కొట్టి సేవ్ చేస్తే ఇంగ్లీషులో ఏదో పెట్టె వచ్చింది. రోజుకు అట్టాంటివి యాభై వస్తాయి కదా, చదవకుండా ఓకే కొట్టేశాను. పొద్దున తెరిస్తే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు, వరసగా పేజీల నిండా. ఆ పాత నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీ అనే పద్ధతిలో సేవ్ చేసేది, దాంట్లో తెలుగుకు చోటు లేదు. ఆ పెట్టె చెప్పింది అదే: మీ అక్షరాలు పోతాయి, సరేనా అని. నేను సరే అన్నాను. గుడి శనివారం మాత్రమే తెరుస్తారు, ఆయన జాబితా శుక్రవారం సాయంత్రానికి కావాలన్నాడు. మళ్లీ మొత్తం కొట్టాను. "ఏందమ్మాయ్, నిన్ననే అయిపోయిందన్నావే" అని ఆయనంటే ఏం చెప్పాలో తెలియక కరెంటు మీదికి నెట్టాను.

విండోస్ 10లో 2019 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తనే యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్ అక్షరాలు పోకుండా దాచే పద్ధతిలో, సేవ్ చేస్తుంది. అయినా సేవ్ యాజ్ కొట్టి కింద ఎన్‌కోడింగ్ అన్నచోట ఒకసారి చూసుకోవడం నాకు అలవాటైపోయింది. ఫైలు తెరవగానే తెలుగు బదులు ఏం కనిపిస్తోందో దాన్ని బట్టి రోగం తెలుస్తుంది. ప్రశ్నార్థకాలు కనిపిస్తే అక్షరాలు నిజంగానే పోయాయి, బ్యాకప్ ఉంటే తప్ప తిరిగి రావు. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదంతే. నిర్మల యూఐ గానీ, గౌతమి గానీ, ఉచితంగా దొరికే మండలి గానీ పెడితే సరిపోతుంది. ఇంగ్లీషు ఏ మీద వాలుగీత, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే, మళ్లీ అదే కనిపిస్తే మాత్రం కంగారు పడకండి, మీ తెలుగు బతికే ఉంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు ముక్క మూడు బైట్లు, ఎడిటర్ వాటిని మూడు వేరే అక్షరాలుగా చదువుతోంది. నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్‌లో ఎన్‌కోడింగ్ మెనూలో యూటీఎఫ్-8 ఎంచుకోగానే తెలుగు లేచి కూర్చుంటుంది. అదే మెనూలో కన్వర్ట్ టు అని ఇంకో వరస ఉంది, దాన్ని ముట్టుకోవద్దు. అది ఆ పిచ్చి అక్షరాలనే నిజమని నమ్మి మార్చేస్తుంది. పేర్లు, ఫోన్ నంబర్లు సీఎస్‌వీ ఫైలుగా చేసి ఎక్సెల్‌లో తెరిచేవాళ్లు యూటీఎఫ్-8 విత్ బామ్ అని (బామ్ అంటే ఇది యూనికోడ్ ఫైలని మొదట్లోనే చెప్పే గుర్తు) సేవ్ చేసుకుంటే ఈ డిగ్రీ గుర్తుల బెడద తప్పుతుంది.

ఇంగ్లీషు మాటలు తెలుగులో కొట్టేటప్పుడు మాత్రమే వచ్చే తలనొప్పి ఒకటుంది. పెళ్లికొడుకు సాఫ్ట్వేర్ ఇంజనీర్ అని ప్రూఫు చూపిస్తే వాళ్ల నాన్న ముక్కు విరిచాడు. పొల్లు తర్వాత హల్లు పడితే వత్తుగా కలిపేయడం యూనికోడ్ ధర్మం. ఇక్కడ మనకు కలవకూడదు, సాఫ్ట్‌వేర్ కావాలి. ట పొల్లుకూ వ కూ మధ్య కంటికి కనపడని గుర్తు ఒకటి పెట్టాలి, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. వర్డ్‌లో, లిబ్రె ఆఫీస్‌లో అయితే ఆ చోట 200సి అని కొట్టి వెంటనే ఆల్ట్ పట్టి ఎక్స్ నొక్కితే అది మాయమై గుర్తు పడుతుంది. ఆ సి కొట్టేటప్పుడు కీబోర్డు ఇంగ్లీషులోకి మార్చుకోండి, లేకపోతే 200మ పడుతుంది. పాత నోట్‌ప్యాడ్‌లో అయితే రైట్ క్లిక్ చేస్తే ఇన్సర్ట్ యూనికోడ్ కంట్రోల్ క్యారెక్టర్ అనే చోట ఇది ఉంటుంది. నేనైతే సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్, పార్ట్‌నర్ లాంటి మాటలు ఒక ఫైల్లో పెట్టుకున్నాను, కావాల్సినప్పుడు అక్కడి నుంచి కాపీ. ఈ గుర్తు కనపడదు కాబట్టి అనవసరంగా రెండు మూడు పడేయకండి, తర్వాత ఫైండ్‌కు దొరక్క మీరే ఏడుస్తారు.

ఎడిటర్‌లో అంతా బాగుండి, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లోకి తీసుకెళ్లాక వత్తులు చెదిరిపోయి, పొల్లులు బయటపడితే టైపింగ్‌ను అనుమానించొద్దు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మూల ఉండే చిన్న మెనూలో అడోబ్ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ అని ఉంటుంది, అది ఎంచుకోండి. ఆ పిల్ల చేసిన శుభలేఖలో కూడా చివరికి ఇదే గొడవ వచ్చింది. మళ్లీ తనే తప్పు కొట్టానేమో అనుకుని లక్ష్మిని మూడుసార్లు చెరిపి కొట్టింది. కంపోజర్ మార్చగానే ష వత్తు, మ వత్తు కిందికి దిగి గుడి క మీద కూర్చుంది. "అక్కా, లక్ష్మి వచ్చింది" అంది. రెండువందల కార్డులు ప్రింటుకు పంపాం.