ఆఫీసులో మనుషులతో మెలగడం – 4వ పాఠం: చూసి మెచ్చుకోవడం

ఎదుటివాళ్ల మాటకు అడ్డుపడకుండా చివరిదాకా వినడం పోయిన పాఠంలో సాధన చేశాం. ఈసారి వాళ్ల పనిని చూసి మెచ్చుకోవడం నేర్చుకుందాం.

ఉదాహరణ మళ్లీ 'ది ఆఫీస్' నుంచే. 2005 నుంచి 2013 దాకా ఎన్‌బీసీలో వచ్చిన ఈ అమెరికన్ సిట్‌కామ్, పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో కాగితం అమ్మే ఒక కంపెనీ బ్రాంచి కథ. మూడో సీజన్‌లో అదే కంపెనీ స్టాంఫర్డ్ బ్రాంచి మూతపడి, అక్కడి సేల్స్‌మన్ ఆండీ ఇక్కడికొస్తాడు. ఆరు వారాల్లో మేనేజర్ తర్వాతి స్థానం తనదే కావాలని పంతం. అందుకు దారీ వేసుకున్నాడు: ఎదుటివాళ్ల పేరు మాటిమాటికీ పలకడం, వాళ్ల తీరునే అనుకరించడం, షేక్‌హ్యాండ్‌లో తను ముందు చెయ్యి వదలకపోవడం. కొన్నాళ్లు పారింది. అడ్డుగా ఉన్న డ్వైట్ ఉద్యోగం మానేసేదాకా వచ్చింది. కానీ పొద్దస్తమానం వంత పాడే మనిషితో మేనేజర్ మైకేల్‌కి విసుగెత్తి, తనే వెళ్లి డ్వైట్‌ని వెనక్కి తెచ్చుకున్నాడు. ఆండీకి పైకి రావాలని ఉండటంలో నాకేం తప్పు కనిపించదు. అతని మూడు చిట్కాల్లో ఒక్కటీ ఎదుటివాళ్ల పనిని చూడమనదు, లోటల్లా అక్కడే.

అదే సీజన్‌లో 'బిజినెస్ స్కూల్' (2007) ఎపిసోడ్ చూడండి. రిసెప్షనిస్ట్ పామ్ తన బొమ్మలు ప్రదర్శనకు పెట్టింది. ఆఫీసు నుంచి వచ్చిన ఒకరిద్దరిలో ఆమె మనసు నిలబెట్టిన వాళ్లు లేరు. ఇక సర్దేసుకుంటుంటే మైకేల్ వచ్చాడు. అదే రోజు ఒక క్లాసులో తలవంపులు పడ్డ మనిషి. తమ ఆఫీసు భవనం బొమ్మ ముందు ఆగి, అందులో తన కిటికీని, తన కారును గుర్తుపట్టాడు. ధరెంతని అడిగాడు. ఆఫీసులో పెట్టుకోవాలన్నాడు. నిన్ను చూస్తే గర్వంగా ఉందన్నాడు. పామ్ అతన్ని కౌగిలించుకుంది. ఆ సీన్ ఎన్నిసార్లు చూసినా నా కళ్లు చెమరుస్తాయి. నోరు తెరిస్తే తంటా తెచ్చే మైకేల్, ఆ పూట ఒక్క మాటా తప్పు మాట్లాడలేదు.

అతను చేసింది గమనించండి. పని ఉన్న చోటికి వెళ్లాడు. అందులో ఒక వివరం పట్టుకున్నాడు. దానికి ఆఫీసు గోడ మీద చోటిచ్చాడు.

మనం రోజూ వాడే "సూపరండీ" వినీ వినీ అరిగిపోయింది. దాని బదులు ఇలా అని చూడండి: "మీరు పెండింగ్ బిల్లులు విడిగా రంగు వేసి పెట్టారు కదండీ, నిన్న మీటింగ్‌లో అడగగానే చెప్పేశాను." అంతటితో ఆపేయండి. వెనకే "అన్నట్టు నాకో చిన్న పనుంది" అన్నారంటే చెప్పిన మాట లంచమైపోతుంది.

ఈ వారం అభ్యాసం: ఒక సహోద్యోగి చేసిన ఒక్క పనిని పది నిమిషాలు కూర్చుని చూడండి. మీకు పనికొచ్చిన ఒక్క వివరం కాగితం మీద రాసుకుని, మర్నాడు వాళ్ల సీటు దగ్గరికే వెళ్లి చెప్పండి.

వచ్చే పాఠంలో మళ్లీ పామ్ దగ్గరికే వెళ్దాం. సేల్స్‌లో నెగ్గుకురాలేక, ఏడో సీజన్‌లో తనకు తానే ఆఫీస్ అడ్మినిస్ట్రేటర్ పోస్టు ఎలా సృష్టించుకుందో చూద్దాం.