పోటీకి దూడను సిద్ధం చేస్తున్నారా? ఒంటి రంగు, మెరుపు విషయంలో వచ్చే సమస్యలు - పరిష్కారాలు

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర పుష్య పౌర్ణమికి మొదలవుతుంది. దానికి రెండు నెలల ముందు నుంచే మా వైపు ఒంగోలు దూడలున్న ఇళ్ళలో సందడి. సంతకైనా, అందాల పోటీకైనా దూడను తీసుకుపోవాలనుకునేవాళ్ళు అడిగేది ఒకటే: "ఏం పూస్తే తెల్లగా మెరుస్తాది?" పూత గురించి తర్వాత చెప్తాను. వెంట్రుక చెడిందంటే కారణం ఎక్కువగా కొట్టం నేలలోనో, కడిగే నీళ్ళలోనో, దూడ కడుపులోనో ఉంటుంది. అది పట్టుకోకుండా పైన ఏం రాసినా రెండు రోజులే.

తొడలు, మోకాళ్ళు పసుపుపచ్చగా మారాయి

తెల్ల దూడలకు అందరికంటే ముందు వచ్చే తంటా ఇదే. రాత్రంతా మూత్రంతో తడిసిన నేల మీద పడుకుంటే, పేడ అంటుకుని ఎండితే, వెంట్రుక ఆ రంగు పీల్చుకుంటుంది. రోజూ పొద్దున కడుగుతున్నా మరక పోవడం లేదంటే రాత్రి పడక మారలేదని అర్థం.

ముందు పడక మార్చండి. నేల కొంచెం వాలుగా ఉండి మూత్రం కాలువలోకి పోవాలి. దూడ కింద వరిగడ్డి గానీ, మన దగ్గర దండిగా దొరికే వేరుశనగ పొట్టు గానీ మందంగా పరచి, తడిసినది ప్రతి సాయంత్రం తీసేయాలి. పది పదిహేను రోజులు ఇలా చేస్తే కొత్త మరక పడదు, పాతది మెల్లగా తగ్గుతుంది.

ఉన్న మరకకు ఘాటు తక్కువ షాంపూ చాలు. నురగ రాసి ఐదు నిమిషాలు ఆగి, మెత్తని బ్రష్‌తో వెంట్రుక వాలు వైపే రుద్దాలి. ఆఖరి బకెట్ నీళ్ళలో బట్టలకు వేసే నీలిమందు రెండు మూడు చుక్కలు కలిపి పోస్తే పసుపు ఛాయ కంటికి తగ్గుతుంది. చుక్కలు ఎక్కువైతే దూడ నీలంగా కనిపిస్తుంది, కాబట్టి జాతరకు వారం ముందే ఒకసారి చేసి చూడండి. బ్లీచింగ్ పౌడర్ మాత్రం వద్దు. వెంట్రుక పెళుసుబారుతుంది, చర్మం మండుతుంది, నాకితే నోరు కాలుతుంది.

ఎంత కడిగినా మెరుపు లేదు, దువ్వితే తెల్లటి పొట్టు రాలుతోంది

దీనికి చాలామంది సబ్బు ఇంకా ఎక్కువ వేస్తారు. అక్కడే తప్పు జరుగుతుంది. మా బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు. వాటిలో సబ్బు సరిగా నురగ రాదు, నీళ్ళలోని లవణాలతో కలిసి తెల్లటి పొరలా వెంట్రుకకు అంటుకుంటుంది. ఎండాక ఆ పొరే బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. దానికి తోడు బట్టలుతికే పొడి వాడితే చర్మంలోని సహజమైన నూనె పోయి చుండ్రులా రాలుతుంది.

మా దూడ ఒకటి ఇలా నెల రోజులు నిర్జీవంగా కనిపించింది. నీళ్ళు మార్చి చూద్దామని తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు రెండు డ్రమ్ములు తెచ్చి కడిగాను. మూడో స్నానానికే చెయ్యి పెడితే జారేంత నున్నగా అయింది. మందు లేదు, మాకు లేదు. మార్చింది నీళ్ళు మాత్రమే.

కాలువ దూరమైతే, సబ్బు స్నానం బోరు నీళ్ళతో చేసి ఆఖరి రెండు బకెట్లైనా చెరువు నీళ్ళో, పట్టి పెట్టిన వాననీళ్ళో పోయండి. అదీ కుదరకపోతే ఆఖరి బకెట్‌లో ఒక నిమ్మకాయ పిండండి, సబ్బు పొర విడుస్తుంది. చర్మం మీద పుండ్లు, గీతలు ఉంటే నిమ్మ వద్దు. సబ్బు స్నానం వారానికి ఒకటి చాలు. మిగతా రోజులు పొడి బ్రష్ పట్టి పావుగంట దువ్వండి. చర్మం నుంచి వచ్చే నూనె వెంట్రుక చివరిదాకా పాకేది ఆ దువ్వడంతోనే. రెండు నెలల మెరుపు అక్కడ తయారవుతుంది, సీసాలో కాదు.

ఎర్రమట్టి, రేగడి మట్టి అంటినప్పుడు ఇంకో సంగతి. ముందు నీళ్ళు పోస్తే మట్టి కరిగి వెంట్రుక మొదట్లోకి దిగుతుంది. ఆరనిచ్చి, దులిపి, దువ్వి, తర్వాతే తడపాలి.

తెల్ల దూడకు అక్కడక్కడా ఎర్ర వెంట్రుకలు

కొత్తగా ఒంగోలు దూడను పెంచేవాళ్ళు దీనికి బాగా టెన్షన్ పడతారు. నేనూ మొదటి దూడకు ఎర్రగా ఉన్న చోటల్లా షాంపూతో తోమాను. పక్కింటి పెద్దాయన చూసి, "మరక కాదప్పా అది, పుట్టురంగు. ఇడిసిపెట్టు" అన్నాడు. ఒంగోలు దూడలు చాలావరకు ఎర్ర ఛాయతో పుడతాయి. కొన్ని నెలల్లో ఆ వెంట్రుక రాలి తెల్లది వస్తుంది. కోడెలకు వయసు పెరిగాక తల, మెడ, మూపురం దగ్గర బూడిద నలుపు తేలడమూ జాతి లక్షణమే. వీటిలో దేన్నీ దిద్దాల్సిన పని లేదు.

నల్లగా ఉండాల్సిన వెంట్రుక తుప్పు రంగుకు తిరిగితే, కళ్ళ చుట్టూ కళ్ళద్దాలు పెట్టినట్టు పాలిపోతే మాత్రం ఒంట్లో రాగి తక్కువైందేమో చూపించుకోవాలి. డాక్టరు చెప్పిన మోతాదులో ఖనిజ లవణ మిశ్రమం రోజూ దాణాలో కలపాలి. రాగి ఉండే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నేరుగా పెట్టడం ప్రమాదం. రాగి ఎక్కువైనా ప్రాణం తీస్తుంది. కొత్త వెంట్రుక మొలిచి రంగు తేలేదాకా ఓపిక పట్టాలి.

వెంట్రుక నిక్కబొడుచుకుని గరుకుగా ఉంది

చూసిన వేళ గుర్తుచేసుకోండి. పొద్దున్నే చలిలో అలా ఉండి, ఎండ ఎక్కాక ఒంటికి అతుక్కుంటే అది చలి మాత్రమే. పుష్యమాసంలో స్నానం పది గంటల తర్వాత, ఎండలో చేయించండి. గోనెపట్టాతో తుడిచి, పూర్తిగా ఆరాకే నీడకు కట్టేయండి.

మధ్యాహ్నం కూడా అలాగే ఉండి, పొట్ట కుండలా, వెన్ను సన్నగా ఉంటే కడుపులో పాములు (నట్టలు) ఉండొచ్చు. లేత దూడ మట్టిరంగులో, దుర్వాసనతో పారుకుంటుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. పుట్టిన పది పదిహేను రోజులకు మొదటి నట్టల మందు, ఆరు నెలలదాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి వేయించాలి. దూడ బరువును బట్టి మోతాదు డాక్టరే చెప్పాలి. జాతర వారంలో మందు పోయించి మెరుపు కోసం ఎదురుచూస్తే రాదు, కనీసం నెలన్నర ముందే పని జరిగిపోవాలి.

వెంట్రుక ఊడి గుండ్రటి మచ్చలు, లేదా చర్మం కింద గడ్డలు

ఇక్కడ రంగు డబ్బా ముట్టుకోవద్దు.

కళ్ళ చుట్టూ, మెడ మీద బూడిదరంగు పొక్కు కట్టిన గుండ్రటి మచ్చలు తామర. అది మనుషులకూ అంటుతుంది. బ్రష్, పలుపు, కట్టుగుంజ ద్వారా పక్క దూడలకు పాకుతుంది, వాటి మీద నెలల తరబడి బతుకుతుంది. దూడను వేరుగా కట్టి, చేతికి తొడుగులు వేసుకుని, పశువైద్యుడు చెప్పిన మందు పొక్కులు పోయి కొత్త వెంట్రుక వచ్చేదాకా రాయాలి. మచ్చ మీద రంగు పూసి పోటీకి తెచ్చినవాళ్ళను చూశాను. పక్కన కట్టిన దూడల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఒళ్ళంతా గడ్డలు, జ్వరం ఉంటే లంపీ స్కిన్ అనే అంటుజబ్బు కావచ్చు. మన దేశంలో అది 2019లో బయటపడింది, 2022లో చాలా రాష్ట్రాల్లో కలిపి లక్షకు పైగా పశువులను తీసుకుపోయింది. అలాంటి దూడను గడప దాటించకూడదు. వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. ఆరోగ్యంగా ఉన్నవాటికి టీకా జాతరకు మూడు నాలుగు వారాల ముందే వేయించాలి, రక్షణ రావడానికి అంత సమయం పడుతుంది.

మెడ దగ్గర, తోక మొదట్లో వెంట్రుక పలుచబడింది

పిడుదులో, పేలో. చెవి లోపల, గంగడోలు మడతల్లో, తోక కింద వెతకండి. పశువులకు ఇచ్చే మందే, సీసా మీద రాసిన కొలతతో వాడాలి. చేనుకు కొట్టే పురుగుమందు దూడ ఒంటికి పూయడం దాన్ని చంపుకోవడమే. కొట్టం గోడల పగుళ్ళు కూడా శుభ్రం చేయకపోతే పిడుదులు వారంలో తిరిగొస్తాయి. పలుపు ఉన్న చోట మాత్రమే వెంట్రుక పోతే నైలాన్ తాడు తీసి నూలు తాడు వేయండి.

తోక కుచ్చులో తెల్ల వెంట్రుకలు: నల్లరంగు వేయొచ్చా?

ఒంగోలు జాతికి తోక కుచ్చు నల్లగా ఉండాలి. అందుకే నాలుగు తెల్ల వెంట్రుకలు కనబడగానే తల రంగు ప్యాకెట్ కోసం షాపుకు పరుగెత్తుతారు. నా మాట వేయవద్దనే. పోటీ నియమాలు ఒప్పుకుంటే, అదీ దూడను అమ్మే ఉద్దేశం లేకపోతే, కుచ్చు చివరి వెంట్రుకలకు మాత్రం వేయొచ్చు. కొనేవాడి దగ్గర జాతి లక్షణాన్ని దాచడం మోసం.

కంటి చుట్టూ, ముట్టె మీద, మోకాళ్ళ నల్ల మచ్చల మీద తల రంగు అసలే పనికిరాదు. ఒకసారి కంటి అంచు నల్లగా కనిపించాలని నేనే రాశాను. గంటలో రెప్ప ఉబ్బి, నీళ్ళు కారి, ఆ దూడ మూడు రోజులు మేత సరిగా తినలేదు. ఆ రంగుల్లో చాలావాటిలో ఉండే పారాఫినైలిన్ డయమైన్ అనే రసాయనం కొందరు మనుషుల చర్మానికే పడదు. పొరపాటున కంట్లో పడితే పావుగంటసేపు మంచినీళ్ళు పోసి కడిగి, డాక్టరు దగ్గరకు పోండి.

రంగు చెమటకు కారి తెల్ల తొడల మీద పడితే వెంటనే షాంపూతో కడగాలి. ఆరిపోయిందంటే ఆ వెంట్రుక రాలేదాకా ఉంటుంది.

నూనె రాశాక దుమ్ము పట్టి మురికిగా కనిపిస్తోంది

ఒళ్ళంతా నూనె రాసినందుకే. ముందురోజు రాత్రి అసలే వద్దు. పోటీకి అరగంట ముందు రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతిలో రుద్దుకుని ముట్టె, గిట్టలు, కొమ్ము మొలకలకు మాత్రం తుడవండి. ఎద్దులకు వేసినట్టు దూడ కొమ్ములకు పెయింట్ వేయకండి. కొమ్ము మొదట్లో చర్మం లేతది, ఎర్రబడి దురద పెడుతుంది.

ఆ పొద్దున కూడా ఒక మరక మిగిలిపోయింది

అప్పటికప్పుడు తడిపితే పక్క వెంట్రుక కూడా అతుక్కుని మరక ఇంకా పెద్దగా కనిపిస్తుంది. పొడిగానే ఉంచి, మొక్కజొన్న పిండి గానీ మెత్తని సుద్దపొడి గానీ దూదితో అద్ది, ఎక్కువైనది దువ్వేయండి. గోడకు కొట్టే సున్నం తెల్లగా ఉంది కదా అని రాస్తే చర్మం కాలుతుంది. పొడి అద్దేటప్పుడు ముక్కు, కళ్ళ దగ్గరకు పోకుండా చూసుకోండి. ఇంటికి చేరాక ఆ సాయంత్రమే గోరువెచ్చని నీళ్ళతో పొడంతా కడిగేయండి, లేకపోతే రాత్రి ఒళ్ళు నాక్కుంటూ మింగేస్తుంది.